డెక్కులో పెట్టకముందు: పాత వీడియో క్యాసెట్లపై మీ ప్రశ్నలు

1988 నుంచి రాజమండ్రిలో పెళ్లిళ్లకు వీడియో తీశాను. భుజం మీద పానసోనిక్ కెమెరా, పక్కన లైటు పట్టుకునే కుర్రాడు, మండపం చుట్టూ వైర్లు. ఆ రోజుల్లో నేను తీసిన క్యాసెట్లే ఇప్పుడు కంప్యూటర్‌లోకి ఎక్కించమని మళ్లీ నా దగ్గరికి వస్తున్నాయి. పోయిన సంచికలో వాటి గురించి నాలుగు మాటలు రాస్తే చాలా ఉత్తరాలు వచ్చాయి. దాదాపు అన్నిటిలోనూ ఒక మాట ఉంది: "ముందు ఒకసారి వేసి చూద్దామనుకుంటున్నాం." ఆ మాట చదివినప్పుడల్లా నాకు గుండె జారిపోతోంది. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఈ ఉత్తరాలకే ఇస్తున్నాను.

ప్రశ్న: మా పెళ్లి 1994లో జరిగింది. క్యాసెట్టు ఇనప్పెట్టెలో పట్టుచీరల కింద దొరికింది. అద్దంలోంచి చూస్తే రీలు అంచు మీద తెల్లగా పొడిలా ఉంది. మా నాన్నగారు పోయి పదేళ్లయింది. ఆయన నడుస్తూ, మాట్లాడుతూ కనిపించేది ఈ ఒక్క క్యాసెట్టులోనే. ఎదురింటివాళ్ల దగ్గర డెక్కు (క్యాసెట్టు ఆడించే వీసీఆర్) ఉంది. ఆ పొడి గుడ్డతో తుడిచి ఒకసారి వేసి చూసి, బాగుంటే కన్వర్షన్‌కి ఇద్దామని మావారు అంటున్నారు. వేయొచ్చా? (ఒక పాఠకురాలు, అమలాపురం)

జవాబు: అమ్మా, వేయకండి. ఎదురింటి డెక్కులోనే కాదు, ఏ డెక్కులోనూ వద్దు.

ఆ తెల్లపొడి ఫంగస్. గోదావరి జిల్లాల్లో, కోస్తా అంతటా, గాలిలో ఉండే తేమకి పెట్టెలో మూతపడి ఉన్న క్యాసెట్లకు ఇది పట్టడం మామూలే. అందులో మీ తప్పేమీ లేదు. ఇప్పుడు డెక్కులో పెడితే ఏమవుతుందో చెప్తాను. డెక్కు లోపల మూత తీస్తే కొంచెం వాలుగా నిలబడ్డ వెండి రంగు డ్రమ్ము ఒకటి కనిపిస్తుంది. క్యాసెట్టు ఆడేటప్పుడు అది నిమిషానికి 1500 సార్లు తిరుగుతుంది. బొమ్మను చదివే హెడ్‌లు దాని అంచునే ఉంటాయి, ఆవగింజ కన్నా చిన్నవి. రీలు ఆ డ్రమ్మును చుట్టుకుని, ఒరుసుకుంటూ పోతుంది. ఫంగస్ పొడి ఆ ఒరిపిడి మధ్యలో చేరితే హెడ్ మూసుకుపోతుంది, రీలు మీది పూత గీరుకుపోతుంది. మీ నాన్నగారి బొమ్మ ఉన్నది ఆ పూతలోనే. అది రాలిందంటే ఏ కంప్యూటరూ తిరిగి తేలేదు. పైగా ఆ పొడి డెక్కు రోలర్లకు అంటుకుని తర్వాత వేసే క్యాసెట్టుకి కూడా పాకుతుంది.

గుడ్డతో తుడవడం కూడా వద్దు. మీరు తుడవగలిగేది పైనున్న ప్లాస్టిక్ డబ్బాను మాత్రమే. రీలు చుట్టల మధ్య ఉన్న ఫంగస్ అక్కడే ఉంటుంది.

మీరు చేయాల్సింది ఇది. ముక్కుకి మాస్కు కట్టుకోండి, కరోనా రోజుల్లో వాడిన ఎన్95 ఉంటే అదే. ఫ్యాన్ ఆపేసి ఆ క్యాసెట్టును మిగతా వాటి నుంచి వేరు చేయండి. బిగుతు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు నాలుగైదు వేసి, క్యాసెట్టును నిలువుగా నిలబెట్టి, చల్లటి గదిలో రెండు మూడు వారాలు ఉంచండి. పొట్లాల్లో గింజలు రంగు మారితే తీసేసి కొత్తవి వేయండి. తడిగా, జిగురుగా ఉన్న ఫంగస్ ముట్టుకుంటే పులుముకుంటుంది. ఎండిపోతే పొడిలా దులపడానికి వస్తుంది. అంత ఓపిక పట్టమనేది అందుకే. త్వరగా ఆరాలని ఎండలో పెట్టకండి, హెయిర్ డ్రయ్యర్ వాడకండి. వేడికి రీలు వంకరపోతుంది. పెట్టెలో కలరా ఉండలు వేసే అలవాటు మనకుంది. అవి రీలుకి ఏ మేలూ చేయవు. ఫంగస్‌ను ఆపేది పొడిగాలి ఒక్కటే.

ఆరిన తర్వాత, డబ్బా విప్పి రీలును శుభ్రం చేసే మనిషికి ఇవ్వండి. ఇచ్చే ముందు ఒక్క మాట అడగండి: "మీరు దీన్ని డెక్కులో పెట్టకుండానే క్లీన్ చేస్తారా?" హెడ్ లేని చుట్టే మిషన్ మీద మెత్తటి గుడ్డ మధ్య నుంచి రీలును నెమ్మదిగా నడిపిస్తామని చెప్తే వాళ్లకు పని తెలుసు. "ముందు వేసి చూస్తామండీ" అంటే నమస్కారం పెట్టి వచ్చేయండి.

ఇంత గట్టిగా చెప్పడానికి నాకొక కారణం ఉంది. మా అక్క పెళ్లి క్యాసెట్టు నా దగ్గరే ఉండేది. నేనే తీశాను. ఇంటికి చుట్టాలు వచ్చినప్పుడల్లా అప్పగింతల దగ్గరికి ఫార్వర్డ్ చేసి, నాన్న అక్క చేతులు పట్టుకున్న చోట పాజ్ పెట్టి చూపించేవాణ్ణి. పాజ్‌లో బొమ్మ ఆగినట్టు కనిపిస్తుంది కానీ డ్రమ్ము ఆగదు. సెకనుకి 25 సార్లు అదే గీత మీద తిరుగుతూనే ఉంటుంది. 2011లో దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కిద్దామని కూర్చుని, ముందు ఎలా ఉందో చూద్దామని మామూలు టీవీకి పెట్టి వేశాను. సరిగ్గా అప్పగింతల దగ్గర కీచుమని చప్పుడు వచ్చి రీలు డ్రమ్ముకి అంటుకుంది. ఆపేలోపే నమిలేసింది. విప్పి చూస్తే డ్రమ్ము మీద గోధుమరంగు పొడి. మిగతా పెళ్లంతా ఉంది, ఆ రెండు నిమిషాలు లేవు. మొదటిసారి వేసినప్పుడే కంప్యూటర్‌కి కలిపి ఉంటే కనీసం అప్పగింతల్లో రీలు అంటుకునేదాకా వచ్చింది దక్కేది, ముందే విప్పి చూసి ఉంటే మొత్తం దక్కేదేమో. అక్క ఇప్పటికీ నన్నేమీ అనలేదు.

మనకు ఇష్టమైన చోటే రీలు ఎక్కువ అరిగి ఉంటుందమ్మా. మీ నాన్నగారు కనిపించే చోటును మీ ఇంట్లో ఎన్నిసార్లు చూశారో మీకే తెలుసు. ఆ రీలు ఇంక ఒక్కసారే ఆడుతుందనుకోండి. ఆ ఒక్కసారి రికార్డింగ్ నడుస్తూ ఉండాలి.

ప్రశ్న: రీలు మధ్యలో తెగిపోయింది. ఇరవయ్యేళ్ల కిందట మా తమ్ముడు సెల్లోటేపుతో అతికించాడు. ఇప్పుడు కన్వర్షన్‌కి ఇవ్వొచ్చా? (ఒక పాఠకుడు, ఖమ్మం)

జవాబు: సెల్లోటేపు ఉందన్న సంగతి ఇచ్చే చోట తప్పకుండా చెప్పండి. ఆ క్యాసెట్టు మీద కాగితం అంటించి పెద్దక్షరాలతో రాయండి. సెల్లోటేపు జిగురు ఏళ్లు గడిచేకొద్దీ పక్కలకి కారుతుంది, పై చుట్టకీ కింది చుట్టకీ అంటుకుంటుంది. డ్రమ్ము మీదికి వెళ్తే హెడ్ విరిగే ప్రమాదం కూడా ఉంది.

కొంచెం చేతి ఓపిక ఉంటే క్యాసెట్టు విప్పడం కష్టమేం కాదు. ఎందుకూ పనికిరాని సినిమా క్యాసెట్టు ఒకటి తీసుకుని ముందు దానిమీద నేర్చుకోండి. క్యాసెట్టును బోర్లా పెడితే వెనక ఐదు స్క్రూలు కనిపిస్తాయి. ఐదూ తీసి గిన్నెలో వేసుకోండి. రెండు పలకలనూ చేత్తో కలిపి పట్టుకునే మళ్లీ వెల్లకిలా తిప్పి, పై మూతను నిదానంగా లేపండి. బోర్లా ఉండగానే లేపితే రీళ్లు, స్ప్రింగులు కింద పడతాయి. మూత లేవగానే ఏదీ ముట్టుకోకుండా ఫోన్‌తో ఫొటో తీయండి. రీలు ఏ పుల్ల వెనకనుంచి, ఏ రోలర్ ముందునుంచి వెళ్తోందో తర్వాత గుర్తుండదు, నాకే గుర్తుండదు. చక్రాన్ని మధ్య బొడ్డు దగ్గరే పట్టుకోవాలి. వేలి నూనె రీలుకి తగలకూడదు.

తెగింది కొసన అయితే అదృష్టమే. రీలు కొసకి పారదర్శకమైన ముక్క ఒకటి ఉంటుంది, దాన్ని బొడ్డులో చిన్న ప్లాస్టిక్ క్లిప్పు పట్టుకుని ఉంటుంది. రీలు అయిపోయిందని డెక్కుకి తెలిసేది ఆ పారదర్శక ముక్కలోంచి వెలుతురు పడటం వల్లే. క్లిప్పు ఊడదీసి, కొస లోపల పెట్టి, మళ్లీ నొక్కితే సరిపోతుంది. మీకు తెగింది మధ్యలో కాబట్టి నేనైతే అతికించను. సెల్లోటేపు ఉన్న ముక్క వరకు కత్తిరించి, తెగిన రెండు భాగాలనూ రెండు వేరు వేరు ఖాళీ డబ్బాల్లో ఎక్కిస్తాను. అప్పుడు అతుకనేదే హెడ్ మీదుగా పోదు. రెండు ఫైళ్లు వస్తాయి, కంప్యూటర్‌లో కలుపుకోవచ్చు. పోయేది ఒకటి రెండు సెకన్ల బొమ్మ. తప్పనిసరిగా అతికించాల్సి వస్తే దానికోసమే చేసిన స్ప్లైసింగ్ టేపు ఉంటుంది. హెడ్‌కి తగలని వెనకవైపే వేయాలి. ఇదంతా చదివి చేతులు వణుకుతున్నాయంటే చేయకండి, తెలిసినవాళ్లకి ఇవ్వండి.

ప్రశ్న: మా అత్తగారు విజయవాడ నుంచి వస్తూ మా 1997 పెళ్లి క్యాసెట్టు తెచ్చారు. ఇక్కడ ఒకరి దగ్గర వీసీఆర్ దొరికింది. వేస్తే బొమ్మ నిలవకుండా పైకి కిందికి పోతోంది, రంగు లేదు. క్యాసెట్టు పాడైపోయినట్టేనా? చాలా టెన్షన్‌గా ఉంది. (ఒక పాఠకురాలు, న్యూజెర్సీ)

జవాబు: టెన్షన్ పడకండి, క్యాసెట్టుకి ఏమీ కాలేదనే అనుకుంటున్నాను. మన దేశంలో రికార్డు చేసినవి పాల్ పద్ధతిలో ఉంటాయి: 625 గీతలు, సెకనుకి 25 బొమ్మలు. అమెరికాది ఎన్‌టీఎస్‌సీ: 525 గీతలు, సెకనుకి దాదాపు 30 బొమ్మలు. అక్కడి డెక్కుకి మన క్యాసెట్టు భాష రాదు. ఇంక వేసి చూడకండి, చూసిన కొద్దీ అరుగుదలే. అక్కడ కన్వర్షన్ చేసేవాళ్లలో పాల్ డెక్కు ఉన్నవాళ్లను అడగండి, లేదా ఈసారి ఇండియా వచ్చేటప్పుడు చేతి సంచిలో పట్టుకురండి. విమానాశ్రయంలో ఎక్స్‌రే వల్ల వీడియో టేపుకి నష్టం లేదు. లగేజీలో మాత్రం వేయకండి, పోతే దొరకదు.

మీ పిల్లల చిన్నప్పటి వీడియోలు అక్కడి కెమెరాతో తీసినవి ఉంటే అవి అక్కడే చేయించుకోండి. మన దగ్గర కొన్ని డెక్కులు ఎన్‌టీఎస్‌సీ క్యాసెట్టును టీవీలో చూపిస్తాయి. కానీ అవి పంపేది అసలైన ఎన్‌టీఎస్‌సీ సిగ్నల్ కాదు, కంప్యూటర్‌లోకి బొమ్మను ఎక్కించే క్యాప్చర్ కార్డు దాన్ని సరిగ్గా పట్టుకోలేక బొమ్మ నలుపూ తెలుపూ వస్తుంది.

ప్రశ్న: టీవీలో క్యాసెట్టు వేసి, ముందు స్టాండు మీద ఫోన్ పెట్టి రికార్డు చేసుకుంటే సరిపోదా? (ఒక పాఠకుడు, కరీంనగర్)

జవాబు: సరిపోదు బాబూ. ఒక్కసారి ఆడే క్యాసెట్టును దానికి ఖర్చుపెట్టకండి.

ప్రశ్న: 2006లో స్టూడియోవాళ్లు మా క్యాసెట్లన్నీ డీవీడీల్లోకి ఎక్కించి ఇచ్చారు. ఇంక క్యాసెట్లు అటక మీద ఎందుకని మా అబ్బాయి పారేద్దామంటున్నాడు. డీవీడీల్లో రెండు మాత్రం మధ్యలో ఆగిపోతున్నాయి. (ఒక పాఠకుడు, వరంగల్)

జవాబు: అయ్యా, దయచేసి పారేయకండి. మీ ఉత్తరంలోనే జవాబు ఉంది. ఇంట్లో రాసుకునే డీవీడీలో సమాచారం ఉండేది పల్చటి రంగు పొరలో. అది వెలుతురుకి, వేడికి మారిపోతుంది. పైగా 4.7 జీబీలో మూడు గంటలు పట్టించడానికి బొమ్మను బాగా నొక్కేశారు. చేయి కదిలినప్పుడు చతురస్రాలు చతురస్రాలుగా కనిపించడం మీరు గమనించే ఉంటారు. ఆ నొక్కుడు మీ క్యాసెట్టులో లేదు, డీవీడీలోనే ఉంది. అసలు అదృష్టం ఇంకా మీ అటక మీదే ఉంది. అయితే అటక మీదనుంచి ఈ రోజే దించండి. కప్పు కింద ఎండాకాలం వేడి రీలుకి విషం. బీరువాలో మధ్య అరలో, పుస్తకాల్లా నిలువుగా పెట్టండి. స్పీకర్ల పక్కన వద్దు.

దించిన క్యాసెట్లకు కొంచెం తయారీ. వెనక అంచున ఎడమవైపు ఉండే చిన్న ప్లాస్టిక్ పలుకు విరగ్గొట్టి ఉందో లేదో చూడండి. లేకపోతే విరిచేయండి, పొరపాటున ఎవరూ దానిమీద రికార్డు చేయలేరు. అద్దంలోంచి చూస్తే రీలు అంచు గ్రామఫోన్ పళ్లెంలా నున్నగా ఉండాలి. మెట్లు మెట్లుగా ఉంటే చుట్ట వదులైందని అర్థం. ఫంగస్ లేదు, తెగలేదు అని నిర్ధారించుకున్నాక, కన్వర్షన్ రోజున ప్లే నొక్కకుండా చివరిదాకా ఫార్వర్డ్, మళ్లీ మొదటికి రివైండ్ చేయించండి. ఏళ్ల తరబడి ఒకేచోట బిగుసుకున్న చుట్ట సర్దుకుంటుంది. మధ్యలో కీచుమంటే వెంటనే ఆపేయాలి. ముందురోజు రాత్రే క్యాసెట్లను డెక్కు ఉన్న గదిలో ఉంచితే ఆ గది వేడికి, తేమకి అలవాటు పడతాయి.

ఈసారి స్టూడియోలో ఏం అడగాలో కూడా రాస్తాను. పసుపు పిన్ను వైరు కన్నా ఎస్-వీడియో వైరు మేలు, మీ క్యాసెట్టు ఆడించే డెక్కుకి అది ఉందేమో కనుక్కోండి. టైమ్ బేస్ కరెక్టర్ వాడతారా అని అడగండి. పాత రీలులో నిటారు గీతలు వంకర్లుగా ఊగుతాయి చూశారా, మండపం స్తంభాలు నీళ్లలో నీడలా కదులుతాయి, ఆ ఊగుడును నిలబెట్టేది అదే. ఫైలు 720 బై 576 సైజులోనే ఇమ్మనండి, టీవీ నిండేలా సాగదీయొద్దనండి. సాగదీస్తే పెళ్లికూతురితో సహా అందరూ పక్కలకి లావైపోతారు. ఫోన్‌లో చూసుకోవడానికి ఎంపీ4 ఒకటి తీసుకోండి. దాంతోపాటు బొమ్మకి నష్టం లేకుండా దాచే పెద్ద ఫైలు కూడా అడగండి. ఎఫ్ఎఫ్‌వీ1 అనే పద్ధతిని ప్రపంచంలో చాలా ఆర్కైవులు వాడుతున్నాయి. అసలేమీ నొక్కకుండా పెడితే గంటకి దాదాపు 75 జీబీ అవుతుంది, ఎఫ్ఎఫ్‌వీ1లో సగానికన్నా తక్కువే పడుతుంది. ఈ రోజుల్లో హార్డ్ డిస్కు ధరకి అది పెద్ద భారం కాదు. మొత్తం మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, అందులో ఒకటి వేరే ఊళ్లో ఉండే మీ బంధువుల ఇంట్లో.

2000 తర్వాతి చిన్న మినీడీవీ క్యాసెట్లు ఉంటే వాటి లెక్క వేరు. అందులో ఉన్నది అప్పటికే డిజిటల్. ఫైర్‌వైర్ తీగతో ఉన్నదున్నట్టు కాపీ చేసుకోవాలి, గంటకి దాదాపు 13 జీబీ. దాన్ని పసుపు పిన్నుతో టీవీ బొమ్మలా పట్టి ఇస్తామంటే ఒప్పుకోకండి.

ప్రశ్న: మా నాటక సమాజం పరిషత్తు పోటీల్లో ఆడిన నాటకాల వీడియోలు 63 క్యాసెట్లు ఉన్నాయి. కొన్నిటికి లేబుళ్లు ఊడిపోయాయి, కొన్నిటి మీద ఒకటి రాసుంటే లోపల మరొకటి. నిధులు తక్కువ, ఏడాదికి పదిహేను ఇరవై చేయించగలం. ఎక్కడ మొదలుపెట్టాలి? (ఒక పాఠకుడు, తెనాలి)

జవాబు: అయ్యా, ఈ ఉత్తరం చదివి నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. పెళ్లి క్యాసెట్టు ఒక ఇంటిది. మీదగ్గర ఉన్నది ఒక ఊరి మొత్తానిది.

డబ్బుకి ముందు కాలం గురించి ఒక మాట. వీసీఆర్‌లు తయారుచేసే చివరి కంపెనీ, జపాన్‌లోని ఫునాయ్, 2016 జూలైలో ఆపేసింది. అప్పటినుంచి మనం వాడుతున్నవన్నీ పాతవే, ఒకటి చెడితే ఇంకోదాని విడిభాగాలు వేసుకుంటున్నాం. నా దగ్గర ఆరు డెక్కులుంటే పనిచేసేవి రెండు. 2019లో యునెస్కో మాగ్నెటిక్ టేపుల గురించి ప్రపంచమంతా సర్వే మొదలుపెట్టింది ఈ భయంతోనే. ఆస్ట్రేలియా జాతీయ ఫిల్మ్, సౌండ్ ఆర్కైవు అంతకుముందే 2025ను గడువు సంవత్సరంగా చెప్పింది. ఆ గడువూ వచ్చేసింది. కాబట్టి నాలుగేళ్ల ప్లాను రెండేళ్లకు కుదించే దారి వెతకండి. సమాజంలో పాత సభ్యులు ఒక్కొక్కరు ఒక్కో క్యాసెట్టు ఖర్చు భరిస్తామంటారేమో అడిగి చూడండి.

ముందు ఏ క్యాసెట్టూ వేయకుండా జాబితా రాయాలి. 1 నుంచి 63 వరకు నంబర్లు. నంబరు డబ్బా మీదా, అట్టపెట్టె మీదా రెండుచోట్లా ఉండాలి, ఎందుకంటే అవి తారుమారవుతాయి. పాత లేబుల్ తప్పని తెలిసినా పీకకండి. ఆ చేతిరాత కూడా సాక్ష్యమే, దాన్ని ఫొటో తీసి ఉంచండి. ఊడిన లేబుల్‌ను జిగురుతో మళ్లీ అంటించకుండా కవర్లో వేసి అదే నంబరు రాయండి. జాబితాలో రాయాల్సినవి: క్యాసెట్టు కంపెనీ, నిడివి (ఈ-180 అంటే మూడు గంటలు), పైనున్న రాత అక్షరం పొల్లు పోకుండా, రీలు ఎంతవరకు చుట్టి ఉంది, ఫంగస్ ఉందా, డబ్బా పగిలిందా. ఫంగస్ ఉన్నవాటిని మొదటిరోజే వేరే గదికి మార్చండి.

ఇక వరస. అందరూ బాగా ఆడినవాటితో మొదలుపెడదామంటారు. నేనైతే ఇంకెక్కడా కాపీ లేనివాటితో మొదలుపెడతాను. బహుమతి వచ్చిన నాటకానికి పరిషత్తువాళ్ల దగ్గరో, వేరే నటుడి ఇంట్లోనో ఇంకో కాపీ ఉండొచ్చు. ఒక్కసారే ఆడి ఆగిపోయిన నాటకానికి మీ క్యాసెట్టే దిక్కు. రెండు కాపీలు దొరికితే కెమెరాలోంచి వచ్చిన అసలు క్యాసెట్టు ఏదో కనిపెట్టండి. కాపీకి కాపీ తీసినదానిలో రంగులు పులుముకుపోతాయి. పెళ్లి క్యాసెట్లలో మేం మిక్సింగ్ చేసి సినిమా పాటలు వేసేవాళ్లం, అసలు మాటలు కిందపడిపోయేవి. మీ నాటకాలకు ఎవరైనా అలా పాటలు కలిపి ఉంటే, కలపని క్యాసెట్టు కోసం వీడియోగ్రాఫర్ ఇంట్లో కూడా వెతకండి. మా స్టూడియోలోనే కెమెరా క్యాసెట్లను చెరిపి మళ్లీ వాడుకునేవాళ్లం. అయినా అడగండి, ఒకటో రెండో మిగిలి ఉంటాయి.

ఫైలు పేరు కూడా ముందే ఖాయం చేసుకోండి: క్యాసెట్టు నంబరు, సంవత్సరం, ఊరు, నాటకం పేరు, ఈ వరసలోనే అన్నిటికీ. సంవత్సరం ఖాయంగా తెలియకపోతే ఊహించి రాయకండి, ఖాళీగా వదలండి.

ఇంకొకటి, దీనికి డెక్కు అక్కర్లేదు, ఖర్చూ లేదు, ఈ ఆదివారమే చేయొచ్చు. మీ సమాజంలో మేకప్ వేసినవాళ్లు, హార్మోనియం వాయించినవాళ్లు, తెర లాగినవాళ్లు ఇంకా ఉంటే వాళ్లను కూర్చోబెట్టి, లేబుళ్ల ఫొటోలు ఒక్కొక్కటే చూపిస్తూ, ఎవరు ఏ వేషం వేశారో చెప్పించి ఫోన్‌లో రికార్డు చేయండి. ఏ నంబరు క్యాసెట్టు గురించి మాట్లాడుతున్నారో ప్రతిసారీ ముందు పైకి చదవండి.